రాత్రి ఒంటిగంట దాకా చదివినా ఎం-1 ఎందుకు పోయింది? ఒక లెక్కల టీచర్ వెతికిన జవాబు

ఈ ఎపిసోడ్‌ని ఒక రిజల్ట్స్ రోజుతో మొదలుపెడతాను.

బీటెక్ ఫస్ట్ ఇయర్. హాస్టల్‌లో నెట్ సరిగ్గా రాదు. ఒకే లాప్‌టాప్ ముందు పదిమందిమి ఒకరి మీద ఒకరు పడి హాల్ టికెట్ నంబర్లు కొడుతున్నాం. నాది పాస్. నా రూమ్మేట్‌కి ఎం-1 పోయింది. అప్పుడు మా గ్యాంగ్‌లో ఒకడు అన్నాడు, "వాడు తెలుగు మీడియం కదా మామా, బేసిక్స్ ఉండవు" అని. నేనూ తలూపాను. కానీ మా రూమ్‌లో అందరికంటే ఎక్కువ చదివేది వాడే. రాత్రి ఒంటిగంట దాకా లైట్ వేసుకుని కూర్చునేవాడు. "ఆపరా నాయనా, కళ్లల్లో పడుతోంది" అని దుప్పట్లోంచి అరిచింది నేనే. టెన్త్‌లో వాడికి లెక్కల్లో పదికి పది పాయింట్లు. ఆదోని దగ్గర పల్లె నుంచి వచ్చాడు, వాళ్ల స్కూల్ ఫస్ట్.

మరి అంత చదివినోడికి ఎందుకు పోయింది? అప్పుడు ఆ ప్రశ్న నాకు రాలేదు. "బేసిక్స్ ఉండవు" అన్న జవాబు రెడీగా ఉంది కాబట్టి ప్రశ్న అవసరం పడలేదు. ఈ మధ్య 1992లో అచ్చయిన ఒక పేపర్ చదువుతుంటే, మధ్యలో ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. వేరే దేశం, వేరే మనుషులు, కానీ అచ్చం మా రూమే. ఆ పేపర్ రాసింది యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కల టీచర్. ఈరోజు ఎక్కువసేపు ఆయన గురించే మాట్లాడుకుందాం.

దానికంటే ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. క్లాసులో కొంతమంది పిల్లలు బాగా ముందుంటారు, కొంతమంది వెనకబడతారు. ఆ వెనకబడేవాళ్లు ఎప్పుడూ ఒకే రకం ఇళ్ల నుంచో, ఒకే కులం నుంచో, ఒకే రంగు నుంచో వస్తుంటే దాన్ని అచీవ్‌మెంట్ గ్యాప్ అంటారు. దీని మీద పెద్ద పెద్ద యూనివర్సిటీలు లక్షల డేటాతో రీసెర్చ్ చేస్తాయి. ఇంకో దారి కూడా ఉంది. పాఠం చెప్పే టీచరే తన క్లాసు మీద తనే రీసెర్చ్ చేయడం. ఒక ప్రశ్న పట్టుకో, నీ క్లాసులో నిజంగా ఏం జరుగుతోందో చూడు, ఒక్కటి మార్చు, మళ్లీ చూడు. దీన్నే యాక్షన్ రీసెర్చ్ అంటారు. మీ ఇంట్లో ఎవరైనా బీఎడ్ చేసినా, డీఎస్సీకి ప్రిపేరైనా "చర్యాత్మక పరిశోధన" అని చదివే ఉంటారు. కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్ట్ 1940ల్లో ఈ ఆలోచనకి పేరు పెట్టాడు, స్టీఫెన్ కోరీ 1953లో దాన్ని బడుల్లోకి తెచ్చే పుస్తకం రాశాడు. డీఎస్సీ బిట్ల వరకు ఇది చాలు. నిజానికి అది క్లాసులో ఎలా ఉంటుందో చూద్దాం.

1970ల మధ్య కాలం. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ. ట్రైస్‌మన్ అప్పటికింకా గ్రాడ్యుయేట్ స్టూడెంటే. ఫస్ట్ ఇయర్ కాలిక్యులస్‌కి సెక్షన్లు తీసుకునే టీచింగ్ అసిస్టెంట్లకి ట్రైనింగ్ ఇచ్చే పని చేస్తుండేవాడు. అక్కడ ఒక విషయం అందరి కళ్లకీ కనబడుతోంది. నల్లజాతి విద్యార్థుల్లో దాదాపు 60 శాతం మందికి ఆ కోర్సులో డీ లేదా ఎఫ్ గ్రేడ్లు. అదే క్లాసులో చైనీస్ కుటుంబాల నుంచి వచ్చిన అమెరికన్ పిల్లలు మాత్రం దూసుకుపోతున్నారు. కాలిక్యులస్ పోతే ఇంజినీరింగ్ పోయినట్టే, మెడిసిన్ పోయినట్టే. అంటే ఒక్క సబ్జెక్టు దగ్గర ఒక మొత్తం గుంపు గేటు బయట ఆగిపోతోంది.

ఎందుకిలా అని ట్రైస్‌మన్ ప్రొఫెసర్లనీ మిగతావాళ్లనీ అడిగాడు. జవాబులన్నీ నాలుగు కుప్పల్లో పడ్డాయి. వాళ్లకి చదవాలన్న పట్టుదల తక్కువ. స్కూల్లో పునాది సరిగా పడలేదు. ఇంట్లో చదువు గురించి పట్టించుకునేవాళ్లు లేరు. డబ్బు లేదు. మీరు ఈ వీడియో కింద కామెంట్ రాసినా ఈ నాలుగింట్లోనే ఒకటి రాస్తారు, నాకు తెలుసు. "బేసిక్స్ ఉండవు" అన్న మా వాడిది రెండో కుప్ప.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో ఒకటి బాగా నేర్చుకున్నాను. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే మీటింగ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక థియరీ ఉంటుంది. అందరూ సీనియర్లే, అందరూ కాన్ఫిడెంటే. లాగ్స్ ఓపెన్ చేసేవాడు మాత్రం ఒక్కడే ఉంటాడు. ఇక్కడ లాగ్స్ ఓపెన్ చేసినవాడు ట్రైస్‌మన్.

ఆయన 20 మంది నల్లజాతి విద్యార్థులనీ, 20 మంది చైనీస్ విద్యార్థులనీ తీసుకున్నాడు. మొదట ఇంటర్వ్యూలు చేశాడు, పెద్దగా ఉపయోగపడలేదు. ఎలా చదువుతావు అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? "బాగానే చదువుతా సార్" అంటారు. దాంతో ఆయన వాళ్లు ఉండే చోటికే వెళ్లాడు. రూముల్లో, లైబ్రరీలో, ఇళ్లల్లో, కెమెరా పట్టుకుని. సుమారు ఏడాదిన్నర పాటు వాళ్లు చదువుకోవడాన్ని చూస్తూ ఉన్నాడు. అంతకుముందు ప్రొఫెసర్లెవరూ అది చూడలేదు. వాళ్లు చూసేది క్లాసులో మొహాలు, ఆ తర్వాత ఆన్సర్ షీట్లు. ఆ రెండింటి మధ్య ఉన్న గంటలు ఎవరికీ తెలియవు.

నాలుగు థియరీలూ ఒక్కొక్కటిగా పడిపోయాయి. పట్టుదల లేదన్నారా? ఈ పిల్లల్లో చాలామంది వాళ్ల స్కూళ్లలో టాపర్లు, అంత దూరం రావడానికి ఎన్నో దాటుకుని వచ్చినవాళ్లు. ఇంట్లో పట్టించుకోరన్నారా? బిడ్డ పుట్టకముందే కాలేజీకి పంపాలని నిర్ణయించుకున్న తల్లిదండ్రులున్నారు. డబ్బు అన్నారా? అందరూ పేదవాళ్లేమీ కాదు, డబ్బుకీ గ్రేడుకీ లెక్క కుదరలేదు. ఇక పునాది. దీని దగ్గర నాకు నిజంగా షాక్. ఎంట్రన్స్‌లో లెక్కల్లో మంచి స్కోరు తెచ్చుకున్న నల్లజాతి పిల్లలే చాలాసార్లు కాలిక్యులస్‌లో తప్పారు. బేసిక్స్ థియరీ నిజమైతే వాళ్లు ముందు గట్టెక్కాలి కదా?

మరి కెమెరాలో కనబడిందేంటి?

లెక్చర్ ఒక గంట ఉంటే ఇంట్లో రెండు గంటలు చదవండి అని ప్రొఫెసర్లు చెప్పేవాళ్లు. నల్లజాతి పిల్లలు అక్షరాలా అదే చేశారు. వారానికి 8 గంటలు. పొద్దున్నే క్లాసుకెళ్లి, నోట్స్ రాసుకుని, రూమ్‌కొచ్చి, హోంవర్క్ చేసి, టైమ్‌కి ఇచ్చేశారు. చెప్పినవన్నీ చేశారు. ఎగ్జామ్‌లో డీ వచ్చింది. 20 మందిలో 18 మంది క్లాస్‌మేట్స్‌తో కలిసి ఒక్కసారి కూడా చదవలేదు. ఫ్రెండ్స్ లేక కాదు. ఫ్రెండ్స్ వేరు, చదువు వేరు. స్కూల్ రోజుల్లో వాళ్లకి అదే పనికొచ్చింది. చుట్టుపక్కల అల్లరి మధ్య ఒంటరిగా తలుపేసుకుని చదివినందుకే టాపర్లయ్యారు. ఏ అలవాటు వాళ్లని బర్క్‌లీ దాకా తెచ్చిందో, బర్క్‌లీలో అదే అలవాటు వాళ్ల కాళ్లకి అడ్డం పడింది.

చైనీస్ పిల్లలు వారానికి 14 గంటలు చదివారు. ఇందులో 8 నుంచి 10 గంటలు వాళ్లూ ఒంటరిగానే చదివారు. ఇది గుర్తుపెట్టుకోండి, గ్రూప్ స్టడీ అంటే మొత్తం గ్రూపులోనే అనుకుంటాం మనం. మిగతా గంటలు రాత్రి పూట. నలుగురూ చేరి వండుకుని, తిని, హోంవర్క్ కాగితాలు బయటికి తీసేవాళ్లు. నీకేమొచ్చింది, నాకేమొచ్చింది. ముగ్గురికి ఒక ఆన్సర్ వచ్చి ఒకడికి వేరేది వస్తే, ఆ ఒక్కడికి ఎక్కడో తప్పు జరిగిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. నలుగురికీ నాలుగు ఆన్సర్లు వస్తే, ఓహో ఈ లెక్కే కష్టం, మనం తక్కువవాళ్లం కాదు అని తెలుస్తుంది. ఒకరి ఇంగ్లిష్ ఒకరు దిద్దుకునేవాళ్లు. సీనియర్ అయిన కజిన్ ఎవరో వచ్చి పాత పేపర్లలోంచి లెక్కలిచ్చేవాడు. దీంతో క్లాసులో తను ఎక్కడున్నాడో ప్రతి ఒక్కరికీ ఎగ్జామ్ కంటే చాలా ముందే తెలిసేది.

ఒంటరిగా చదివేవాడి పరిస్థితి ఊహించండి. లెక్క రాలేదు. ఇది అందరికీ రాలేదా, నాకొక్కడికే రాలేదా? వాడికి తెలిసే దారే లేదు. చుట్టూ అందరికీ వచ్చేస్తున్నట్టే కనబడుతుంది. తను మాత్రమే ఇక్కడ ఉండకూడని మనిషి అనిపిస్తుంది. అది ఎవరితోనూ అనడు. ఇంకో గంట కూర్చుంటాడు, ఒంటరిగా.

ఇక్కడే నేను పేపర్ పక్కన పెట్టింది. ఎందుకంటే మా కాలేజీలో ఆ చైనీస్ పిల్లలు ఎవరో తెలుసా? మేమే. విజయవాడ, హైదరాబాద్‌లో ఇంటర్ చదివి వచ్చిన బ్యాచ్. మేం చదువుకుంటున్నాం అని కూడా మాకు తెలియదు. క్యాంటీన్‌లో కూర్చుని టీ తాగుతూ "ఆ థర్డ్ యూనిట్‌లో ఎగ్జాక్ట్ ఈక్వేషన్ ఎలా చేశావురా" అని అడుక్కునేవాళ్లం. సీనియర్ల దగ్గర పాత మిడ్ పేపర్లు జెరాక్స్ తెచ్చుకునేవాళ్లం. ఏ ప్రశ్న గ్యారంటీ, ఏ సార్ స్టెప్పులకి మార్కులేస్తాడు, అన్నీ నోటి మాటగా వచ్చేవి. నా రూమ్మేట్‌ని రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. వాడు పుస్తకం తీస్తే ఏడింటికి తీసేవాడు, మేం క్యాంటీన్‌కి ఏడింటికి వెళ్లేవాళ్లం.

సరే, ట్రైస్‌మన్ తర్వాత ఏం చేశాడో చూద్దాం. చూసి పేపర్ రాసేస్తే అది మామూలు రీసెర్చ్. మార్చి చూస్తేనే యాక్షన్ రీసెర్చ్.

బర్క్‌లీలో అప్పటికే వెనకబడ్డవాళ్ల కోసం ట్యూటరింగ్ ఉండేది. ఈ పిల్లలు అక్కడికి వెళ్లేవాళ్లు కాదు. స్కూల్ ఫస్ట్ వచ్చినవాడు "నేను వీక్ స్టూడెంట్‌ని" అన్న బోర్డు మెడలో వేసుకుని ఎందుకు వెళ్తాడు? మన దగ్గరా అంతే. న్యాక్ కోసం కాలేజీలు తయారుచేసే ఫైళ్లలో "స్లో లెర్నర్స్" అని ఒక లిస్ట్ ఉంటుంది చూడండి. మిడ్‌లో మార్కులు తగ్గితే పేరు అందులో పడుతుంది, సాయంత్రం రెమెడియల్ క్లాసుకి రమ్మంటారు. అక్కడ ఏం చెబుతారు? పొద్దున చెప్పిందే ఇంకా నెమ్మదిగా, ఇంకా ఈజీ లెక్కలతో. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకి పలచగా కలిపి ఇవ్వడం అన్నమాట.

ట్రైస్‌మన్ పూర్తిగా ఉల్టా చేశాడు. 1978 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆ వర్క్‌షాప్‌కి పెట్టిన పేరు ఆనర్స్ ప్రోగ్రామ్. "మీరు తప్పుతారేమో, రండి" అనలేదు. "మీరు బాగా చేయగలరు, కష్టమైన లెక్కలున్నాయి, రండి" అన్నాడు. ఇచ్చిన లెక్కలు హోంవర్క్ కంటే కష్టం. మామూలు కాలిక్యులస్ క్లాస్ ఎలాగూ ఉంటుంది, దాని పక్కన ఈ సెషన్లు. ముందు ఎవరికి వాళ్లు కాగితం మీద కుస్తీ పడతారు, ఆ తర్వాత చిన్న గుంపులుగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. గదిలో ఉన్న అసిస్టెంట్ బోర్డు దగ్గరికి వెళ్లి పాఠం చెప్పడు. తిరుగుతూ వింటుంటాడు, ఎక్కడైనా బండి ఆగిపోతే ఒక ప్రశ్న వేస్తాడు. లెక్క కష్టంగా ఎందుకుండాలంటే, ఈజీ లెక్క అయితే ఎవరికి వాళ్లు చేసుకుని ఫోన్ తీస్తారు. కష్టమైతేనే పక్కవాడి అవసరం పడుతుంది. గ్రూప్ కుర్చీల వల్ల తయారవదు, లెక్క వల్ల తయారవుతుంది. చాలాచోట్ల ఈ మోడల్‌ని కాపీ కొట్టినవాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసి లెక్కలు మాత్రం పాతవే ఇచ్చారని నా అనుమానం. మన "గ్రూప్ అసైన్‌మెంట్"లు కూడా అంతే కదా, ఒకడు రాస్తాడు, ఐదుగురు పేర్లు పెడతారు.

రిజల్ట్? వర్క్‌షాప్‌లో చేరిన నల్లజాతి, లాటినో పిల్లలు తమ తోటివాళ్లనే కాదు, క్లాసులోని తెల్లజాతి, ఆసియా పిల్లల్ని కూడా దాటారు. ఎంట్రన్స్ స్కోరు తక్కువున్న వర్క్‌షాప్ పిల్లలు, తమకంటే చాలా ఎక్కువ స్కోరుతో వచ్చినవాళ్లతో సమానంగా గ్రేడ్లు తెచ్చుకున్నారు. తర్వాత ఇదే పద్ధతి ఎమర్జింగ్ స్కాలర్స్ అనే పేరుతో టెక్సాస్ యూనివర్సిటీకీ, ఇంకా చాలా కాలేజీలకీ పాకింది. ట్రైస్‌మన్‌కి 1992లో మెకార్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది.

ఒక డౌట్ మీకు రావాలి. వర్క్‌షాప్‌కి వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు కదా, మామూలుగానే కాస్త ఉత్సాహం ఉన్నవాళ్లేమో? కరెక్ట్ డౌట్. లాటరీ తీసి సగం మందిని లోపల, సగం మందిని బయట పెట్టిన ప్రయోగం కాదిది. టీచర్ తన క్లాసు మీద చేసే రీసెర్చ్‌కి ఈ బలహీనత ఎప్పుడూ ఉంటుంది. ఒక క్లాసు, ఒక టీచర్, ఆ టీచర్‌కే అది సక్సెస్ అవ్వాలని కోరిక. అందుకే దాన్ని ఫైనల్ తీర్పులా తీసుకోకూడదు. కానీ కొన్ని విషయాలు దగ్గర్నుంచి చూస్తేనే కనబడతాయి. 20 మందిలో 18 మంది ఒంటరిగా చదువుతున్నారన్నది ఏ మార్కుల ఎక్సెల్ షీట్‌లోనూ ఉండదు.

ఇంకో చిన్న ఉదాహరణ చెప్పి ముగిస్తా. ఇది స్కూల్ టీచర్లకి, ట్యూషన్ చెప్పే అక్కలకి, అన్నలకి డైరెక్ట్‌గా పనికొస్తుంది. ఫోన్ ఉంటే చాలు.

అమెరికాలోనే మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు క్లాసుల్ని టేప్ చేసి వినేది. టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతుందో కొలిచింది. సగటున ఒక్క సెకను. ఒక్క సెకను, అంతే! ఆ తర్వాత టీచరే జవాబు చెప్పేస్తుంది, లేదా ఇంకొకర్ని లేపుతుంది. 1974లో ఆమె వేసిన పేపర్‌లో ఇంకా ఇబ్బంది పెట్టే సంగతి ఉంది. టీచర్లు తమ క్లాసులో టాప్ ఐదుగురు ఎవరో, అడుగున ఐదుగురు ఎవరో చెప్పారు. టేపులు వింటే, టాప్ పిల్లల కోసం దాదాపు 2 సెకన్లు ఆగుతున్నారు, అడుగు పిల్లల కోసం 1 సెకను కంటే తక్కువ. కావాలని ఎవరూ చేయలేదు. వీడికెలాగూ రాదులే అన్న మాట నోటితో అనక్కర్లేదు, ఆ సెకను తేడాలో పిల్లాడికి వినబడిపోతుంది.

టీచర్లు తమ టేపులు తామే విని, 3 సెకన్లు ఆగడం ప్రాక్టీస్ చేశారు. జవాబులు పొడవయ్యాయి. "తెలీదు మిస్" అనడం తగ్గింది. వీక్ అనుకున్న పిల్లలు నోరు విప్పారు. సిలబస్ మారలేదు, పైసా ఖర్చు లేదు.

మీరు ట్యూషన్ చెబుతుంటే రేపు ఒక పది నిమిషాలు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. పిల్లలకి చెప్పి చేయండి, రికార్డింగ్ ఎవరికీ పంపకండి, విన్నాక డిలీట్ చేసేయండి. ఇంటికొచ్చి వినండి. ఎవరి పేరు ఎన్నిసార్లు పిలిచారు, ఎవరి కోసం ఎన్ని సెకన్లు ఆగారు, ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. మూడు సెకన్లు అంటే తక్కువ అనిపిస్తుంది కానీ క్లాసులో నిలబడి మౌనంగా ఉండటం చాలా కష్టం, నేను ఒక కోచింగ్ బ్యాచ్‌కి గెస్ట్‌గా వెళ్లినప్పుడు ట్రై చేశా. రెండో సెకన్లోనే నా నోరు ఆగలేదు. తర్వాతి వారం ఆగి చూడండి, మళ్లీ రికార్డ్ చేయండి, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. అదే యాక్షన్ రీసెర్చ్, బీఎడ్ రికార్డులో అట్ట వేసి సబ్మిట్ చేసేది కాదు.

స్టూడెంట్స్ అయితే, మీ క్లాసులో పాత పేపర్లు ఏ వాట్సాప్ గ్రూప్‌లో తిరుగుతున్నాయో చూడండి. ఆ గ్రూప్‌లో ఎవరెవరు లేరో కూడా చూడండి.

నా రూమ్మేట్ సంగతి అడుగుతారని తెలుసు. సప్లీలో ఎం-1 పాసయ్యాడు, 41 మార్కులతో. ఈ ఎపిసోడ్ చేసే ముందు ఫోన్ చేశా. ఇప్పుడు కర్నూలు వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. నేను బర్క్‌లీ కథంతా చెప్పాను, విన్నాడు. "సప్లీకి ఎట్ల చదివినానో తెల్సా మామా నీకు? సివిల్ బ్రాంచోళ్లు ముగ్గురు, నేను, మెస్ ఎనకాల కూర్చుని చేసినాం. నలుగురం పాసైనాం" అన్నాడు. నాకు తెలియదు. ఒకే రూమ్‌లో ఉండి కూడా నాకు తెలియదు.

మీకు తెలిసిన లెక్కల టీచర్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి. వచ్చే వారం కలుద్దాం, బై.